రంగుల పుస్తకం, పక్కన ఇంకో కుర్చీ

విదేశాల్లో ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మానాన్నలకు ఆన్‌లైన్లో పంపే వస్తువుల్లో బీపీ మిషను, పెద్దల డైపర్లు, మంచానికి బిగించే కడ్డీలతో పాటు ఈమధ్య రంగులద్దే పుస్తకం కూడా చేరింది. అట్ట మీద పెద్ద పువ్వో చక్రమో ఉంటుంది. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకు మనశ్శాంతినిస్తుందని కింద రాసి ఉంటుంది. డిమెన్షియా వచ్చిన మనిషి చేతికి రంగు పెన్సిలు ఇస్తే నిజంగా నెమ్మదిస్తారా? నెమ్మదిస్తే అది రంగుల వల్లనా, పెన్సిలు వల్లనా, ఇంకేదైనా వల్లనా? ఇరవై ఏళ్లుగా ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలు చదివితే, అట్ట మీది మాటకూ అసలు లెక్కకూ మధ్య చాలా దూరం కనబడుతుంది. అలాగని పుస్తకాన్ని అవతల పారేయాల్సిన పనీ లేదు.

ఈ ప్రశ్న ఎందుకింత పెద్దదయిందో ముందు చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021 నాటికి ప్రపంచంలో 5.7 కోట్ల మంది డిమెన్షియాతో ఉన్నారు. వాళ్లలో నూటికి 60 నుంచి 70 మందిది అల్జీమర్స్. మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా కట్టింది. మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో, పట్నాల కన్నా పల్లెల్లో ఎక్కువని కూడా అదే చెప్పింది. ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

ఇంట్లోవాళ్లను కుంగదీసేది మరుపు ఒక్కటే కాదు. మనవడి పేరు మరిచిపోతే బాధపడి సర్దుకుంటారు. సాయంత్రం పొద్దు వాలేసరికి మొదలయ్యే అలజడిని తట్టుకోవడమే కష్టం. సొంతింట్లో కూర్చునే "మా ఇంటికెళ్దాం పదండి" అంటూ తలుపు దగ్గరకు నడుస్తారు. చీర కొంగు పోగులు లాగుతుంటారు. అడిగిందే ఇరవైసార్లు అడుగుతారు. స్నానానికి రమ్మంటే చెయ్యెత్తుతారు. దీనికి మందులు లేకపోలేదు. మానసిక జబ్బులకు వాడే రిస్పెరిడోన్ లాంటివి డాక్టర్లు రాస్తుంటారు. కానీ డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో అవి మరణం ముప్పు పెంచుతున్నాయని తేలి, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో కొత్త తరం మందుల మీద, 2008లో పాత తరం మందుల మీద గట్టి హెచ్చరిక ముద్రించమంది. అల్జీమర్స్‌లో వచ్చే అలజడి కోసమే 2023లో ఆ సంస్థ అనుమతించిన బ్రెక్స్‌పిప్రజోల్‌కూ ఆ హెచ్చరిక తప్పలేదు. కాబట్టి మందుకు ముందు మందు లేని దారి ఏదన్నా ఉందా అని వెతుకులాట మొదలైంది. పాటలు, తోటపని, పెంపుడు జంతువులు, చివరికి రంగులు ఆ దారిలోనే వచ్చాయి.

రంగులు రావడానికి ఇంకో కారణం వ్యాపారం. జపాన్‌లో కవాదె షొబో అనే ప్రచురణ సంస్థ 2005లో పెద్దవాళ్ల కోసం రంగులద్దే పుస్తకాలు తెచ్చింది. అవి అక్కడ విపరీతంగా ఆడాయి. ఎనిమిదేళ్ల తర్వాత, 2013లో, స్కాట్లండ్ చిత్రకారిణి జొహానా బాస్‌ఫర్డ్ గీసిన 'సీక్రెట్ గార్డెన్' పడమటి దేశాల్లో అదే ఊపు తెచ్చింది. 2015 ఒక్క ఏడాదిలో అమెరికాలో ఇలాంటి పుస్తకాలు కోటీ ఇరవై లక్షలు అమ్ముడయ్యాయని అంచనా. అంత గిరాకీ ఉన్న సరుకుకు కొత్త కొనుగోలుదారులు కావాలి. డిమెన్షియా కుటుంబం కంటే నిస్సహాయమైన కొనుగోలుదారు ఎవరుంటారు?

ఇక ఆధారాల సంగతి. 'రంగులద్దితే ఆందోళన తగ్గుతుందని శాస్త్రం తేల్చింది' అనే మాట ఎక్కడ విన్నా, వెనక్కి తవ్వుకుంటూ పోతే తేలేది 2005 నాటి ఒక చిన్న ప్రయోగం. అమెరికాలో కర్రీ, కాసర్ అనే ఇద్దరు 84 మంది కాలేజీ విద్యార్థులను తీసుకున్నారు. మీ జీవితంలో బాగా భయపడ్డ సందర్భం రాయండని చెప్పి ముందు వాళ్లలో కాస్త కలవరం పుట్టించారు. తర్వాత కొందరికి మండలాలు, అంటే చక్రం ఆకారపు డిజైన్లు, కొందరికి గళ్ల డిజైన్, కొందరికి తెల్ల కాగితం ఇచ్చి ఇరవై నిమిషాలు రంగులు వేయమన్నారు. మండలం, గళ్లు వచ్చినవాళ్లలో ఆందోళన ఎక్కువ తగ్గింది, తెల్ల కాగితం వాళ్లలో అంతగా తగ్గలేదు. ఇదే ప్రయోగాన్ని 2012లో ఇంకొకరు తిరిగి చేస్తే మండలం ఫలితం నిలిచింది గానీ గళ్ల డిజైన్‌ది నిలవలేదు. 2016లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దవాళ్ల చేత 45 నిమిషాలు బొమ్మలు వేయించింది, మట్టితో చేయించింది. ముందూ వెనకా లాలాజలంలో కార్టిసాల్ చూస్తే, నూటికి 75 మందిలో ఆ ఒత్తిడి హార్మోను తగ్గింది.

ఇవి మంచి పరిశోధనలే, కానీ మన ప్రశ్నకు జవాబులు కావు. ఆ విద్యార్థికి తన భయం ఏమిటో తెలుసు. ఇరవై నిమిషాల తర్వాత అది ఎంత తగ్గిందో ప్రశ్నపత్రంలో గుర్తు పెట్టగలడు. 'మా అమ్మ ఇంకా బడి నుంచి రాలేదేం' అని ఎనభై ఏళ్ల వయసులో ఏడుస్తున్న టీచరమ్మ దగ్గర ఆ ప్రశ్నపత్రం పనిచేయదు. ఆవిడ నెమ్మదించిందో లేదో పక్కనున్నవాళ్లు చూసి చెప్పాల్సిందే. చూసేవాళ్ల ఆశ కూడా ఆ చూపులో కలుస్తుంది. ఆరోగ్యవంతుల మీద వచ్చిన ఫలితాన్ని తెచ్చి రోగుల పుస్తకం అట్ట మీద అచ్చేయడమే ఈ రంగంలో జరుగుతున్న పెద్ద పొరపాటు.

డిమెన్షియా ఉన్నవాళ్ల మీదే జరిగిన ప్రయోగాలు లేవా? ఉన్నాయి, బహు తక్కువ. 2011లో జపాన్‌లో హత్తోరి బృందం తొలి దశ అల్జీమర్స్ ఉన్న 39 మందిని రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు 12 వారాల పాటు చిత్రకళ, అందులో ఎక్కువ భాగం డిజైన్లకు పేస్టల్ క్రేయాన్లతోనో నీటి రంగులతోనో రంగులద్దడమే. రెండో గుంపుకు కూడికలు, తీసివేతల్లాంటి చిన్న లెక్కలు. రంగులద్దిన గుంపులో నిరాసక్తత తగ్గింది. లెక్కలు చేసిన గుంపులో జ్ఞాపకశక్తి పరీక్ష మార్కులు కొంచెం పెరిగాయి. రెండు గుంపులనూ ఎదురెదురుగా పెట్టి పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. నాకు ఇందులో నచ్చింది పోటీకి లెక్కలు పెట్టడం. రోగికి ఏ పనీ ఇవ్వకుండా మూలన కూర్చోబెట్టి, రంగులిచ్చినవాళ్లతో పోలిస్తే రంగులు గెలుస్తాయి. అలా గెలిచింది రంగులా, పనా అన్నది తేలదు. ఇక్కడ రెండు గుంపులకూ పని ఉంది, పలకరించే మనుషులున్నారు, వారానికోసారి ఎదురుచూసే గంట ఉంది. రెండు గుంపులూ కొంత బాగుపడ్డాయి.

ఇంతకుముందు, 2006లో, బ్రిటన్‌లో 40 వారాల పాటు సాగిన చిత్రకళా చికిత్స ప్రయోగం ఒకటుంది. 2018లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ తరఫున సమీక్ష చేసినవాళ్లు ప్రపంచమంతా గాలిస్తే, వాళ్ల ప్రమాణాలకు నిలిచినవి ఈ రెండే. రెండింటిలో కలిపి చివరిదాకా లెక్కకు అందినవాళ్లు 60 మంది. ఇంత కొద్దిమందిని బట్టి చిత్రకళ డిమెన్షియాకు పనిచేస్తుందనీ చెప్పలేం, పనిచేయదనీ చెప్పలేమని వాళ్లు తేల్చారు. పైగా అది చిత్రకళా చికిత్స, అంటే శిక్షణ పొందిన చికిత్సకుడు ఎదురుగా ఉండి నడిపించేది. ఇంట్లో టీవీ ముందు పుస్తకం పెట్టి పెన్సిలు చేతికివ్వడం దాని కింద రాదు.

ఆధారం లేదనడానికీ ఉపయోగం లేదనడానికీ తేడా ఉందని రంగుల పుస్తకాలు అమ్మేవాళ్లు అంటారు. నిజమే. ఇలాంటి పనులను రోగులకు తెలియకుండా పంచదార మాత్రతో పోల్చి పరీక్షించడం కుదరదు. రంగులద్దుతున్న మనిషికి తాను రంగులద్దుతున్నానని తెలుస్తుంది. డబ్బు పెట్టే మందుల కంపెనీ కూడా ఉండదు. కానీ ఆ తేడా పేరు చెప్పి ఏదైనా అమ్మేయవచ్చు కాబట్టి, దాన్ని అమ్మేవాళ్ల నోట వింటే కాస్త జాగ్రత్తపడాలి.

నా దృష్టిలో ఈ మొత్తం ప్రశ్నకు అసలైన వెలుగు చిత్రకళ పరిశోధనల నుంచి రాలేదు. జిస్కా కోహెన్-మాన్స్‌ఫీల్డ్ అనే పరిశోధకురాలు అమెరికాలోని మేరీలాండ్‌లో ఏడు నర్సింగ్ హోముల్లో, డిమెన్షియా ఉన్న 193 మంది ముందు 25 రకాల వస్తువులూ పనులూ ఒక్కొక్కటిగా పెట్టి చూసింది. మడతపెట్టే తువ్వాళ్లు, అమర్చే పువ్వులు, బొమ్మ పాప, మీట నొక్కితే కదిలే జంతువు, పెద్ద అక్షరాల పత్రిక, పర్సు, వీటి మధ్య స్కెచ్ పెన్నులతో రంగులద్దడం కూడా ఉంది. దేని ముందు ఎంతసేపు నిలిచారు, ఎంత శ్రద్ధ పెట్టారు, మొహం ఎలా ఉంది అని లెక్కగట్టారు. అన్నిటికన్నా పై స్థానంలో నిలిచింది వస్తువు కాదు, ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి. అలజడికి ఆవిడ ఇచ్చే వివరణ కూడా సూటిగా ఉంటుంది. రోగి గొడవ చేయడం లేదు, తీరని అవసరమేదో చెప్పలేక చెబుతున్నాడు. నొప్పి కావచ్చు, విసుగు కావచ్చు, ఒంటరితనం కావచ్చు.

లారా గిట్లిన్ బృందం 2008లో వెలువరించిన పని ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. రోగీ, చూసుకునే మనిషీ కలిపి 60 జంటలు. నిపుణులు ఇంటికి ఆరుసార్లు వచ్చి, రెండుసార్లు ఫోన్లో మాట్లాడి, ఆ మనిషి ఒకప్పుడు ఏ పని చేసేవాడు, ఇప్పుడు చేతికి ఏం చేతనవుతుంది, ఏది దాటితే తడబడతాడు అని చూసి, దానికి తగ్గట్టు పని కుదిర్చారు. ఇంట్లోవాళ్లకు ఆ పని చేయించడం నేర్పారు. అడిగిందే అడగడం, వెనకెనకే తిరగడం లాంటివి తగ్గాయి. చూసుకునేవాళ్ల మీద పడే గంటల భారం కూడా తగ్గింది. ఇంగ్లండ్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నైస్ 2018లో ఇచ్చిన సూచనల సారమూ అదే: ఆ మనిషి ఇష్టాన్ని బట్టి పనులు ఎంచండి. కొందరికి ఆ పని రంగులద్దడం కావచ్చు. కొందరికి కాకపోవచ్చు. అంతకు మించి రంగులకు ఏ మహిమా అంటగట్టనక్కర్లేదు.

చెయ్యి, కన్ను

మరి కొందరికి ఎందుకు కుదురుతుంది? అల్జీమర్స్‌లో ముందు దెబ్బతినేది కొత్త సంగతులు దాచుకునే శక్తి. చేతులు ఏళ్ల తరబడి చేసి అలవాటు పడ్డ పనుల జ్ఞాపకం మెదడులో వేరే చోట ఉంటుంది, చాలాకాలం నిలుస్తుంది. పేరు రాయలేని మనిషి చొక్కా గుండీలు పెట్టుకోగలగడం అందువల్లే. రెండోది, ఈ జబ్బులో పని మొదలుపెట్టే శక్తి పోతుంది. తెల్ల కాగితం ఇచ్చి ఏదైనా గీయమంటే ఏం చేయాలో తోచక వదిలేస్తారు. గీసిన బొమ్మ ఎదురుగా ఉంటే ఎక్కడ మొదలెట్టాలో బొమ్మే చెబుతుంది. మూడోది, చూసి గీయడం వీళ్లకు మహా కష్టం. ఒక బొమ్మ పక్కన దాని నకలు గీయమంటే, కొందరు రోగులు నకలును జరుపుకుంటూ వెళ్లి అసలు బొమ్మ మీదే గీస్తారు. డాక్టర్లు 1930ల నుంచే దీన్ని గమనించారు. రంగులద్దడంలో ఆ ఇబ్బంది లేదు. బొమ్మ మీద గీయడమే అక్కడ పని. చేయకూడని తప్పు అనుకున్నదే చేయాల్సిన పనిగా మారుతుంది.

కన్ను సంగతి చాలామంది పట్టించుకోరు. వయసుతో కంటి కటకం పసుపుబారుతుంది, నీలం ఆకుపచ్చల తేడా మసకబారుతుంది. అల్జీమర్స్ తోడైతే లేత రంగు మీద లేత రంగు విడిగా కనబడదు. బోస్టన్‌లో 2004లో కొద్దిమంది రోగుల మీద చేసిన ప్రయోగంలో, తెల్ల పళ్లేల బదులు ముదురు ఎరుపు పళ్లేలు పెడితే తిండి 25 శాతం, తాగేవి 84 శాతం ఎక్కువ తీసుకున్నారు. వాళ్లకు ఆకలి లేక కాదు, అన్నం కనబడక మానేశారన్నమాట. సన్నటి బూడిద గీతలతో అల్లిబిల్లిగా అచ్చేసిన మండలం అలాంటి కంటికి ఏమవుతుంది? చిక్కు పడ్డ దారప్పోగు అవుతుంది. జనానికి నచ్చే పుస్తకం రోగికి పనికిరాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. నల్లటి లావు గీత, పేజీకి ఒకే బొమ్మ, అందులో అయిదారు గళ్లు, వెనక పేజీ బొమ్మ ఇవతలికి కనబడని మందపాటి కాగితం కావాలి. ఇంట్లో స్కెచ్ పెన్నుతో గీసిస్తే సరిపోతుంది.

డిమెన్షియా ఒక్క జబ్బు కాదని కూడా మరవకూడదు. మెదడు వెనక భాగం ముందుగా దెబ్బతినే రకంలో, కళ్లు బాగానే ఉన్నా ఎదుటి వస్తువు ఆకారం పట్టుబడదు. వాళ్ల ముందు రంగుల బొమ్మ పెట్టడం హింస. లూయీ బాడీ రకంలో చెయ్యి వణుకుతుంది, లేనివి కనబడతాయి. పేజీలో ఉన్న పిల్లి లేచి కదిలినట్టు అనిపించవచ్చు. మెదడు ముందు భాగం క్షీణించే రకంలో ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే లక్షణం ఉంటుంది, క్రేయాన్ ముక్కలు మింగే ప్రమాదం ఉంది. తమాషా ఏమిటంటే, ఇదే రకం రోగుల్లో కొందరికి జబ్బు వచ్చాకే బొమ్మలు వేసే ఉబలాటం కొత్తగా పుట్టిందని కాలిఫోర్నియాలో బ్రూస్ మిల్లర్ అనే నరాల డాక్టరు 1990లలోనే రాశాడు.

తాతగారి ముందు ఏబీసీడీ బొమ్మలు

రంగుల మీద వచ్చే పెద్ద అభ్యంతరం శాస్త్రం నుంచి రాదు, మర్యాద నుంచి వస్తుంది. రిటైరైన తహశీల్దారు ముందు ఎల్‌కేజీ పిల్లల ఏనుగు బొమ్మ పెట్టి, "తాతా, ఏదీ, గ్రే కలర్ వేయి చూద్దాం, గుడ్ బాయ్" అంటే ఆయన పుస్తకం విసిరికొట్టడం జబ్బు లక్షణం కాదు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. బ్రిటన్‌లో టామ్ కిట్‌వుడ్ 1997లో రాసిన పుస్తకంలో, డిమెన్షియా ఉన్న మనిషిని మనిషిగా చూడని ప్రవర్తనల చిట్టా ఒకటి ఇచ్చాడు. పసిపిల్లలా చూడడం అందులో ఒకటి. అలా చూసేవాళ్లు చెడ్డవాళ్లు కానక్కర్లేదు, ప్రేమతోనే చేస్తారని కూడా అన్నాడు. కాన్సాస్‌లో క్రిస్టీన్ విలియమ్స్ బృందం 2009లో, నర్సులు వృద్ధులతో ముద్దు మాటల్లో మాట్లాడితే వాళ్లు స్నానానికీ బట్టలు మార్చడానికీ ఎదురు తిరగడం పెరుగుతుందని చూపించింది. జపాన్ డే కేర్ కేంద్రాల్లో రంగుల పుస్తకాలు మామూలు విషయం. అక్కడ కూడా 'నన్ను చిన్నపిల్లను చేస్తారా' అని విసుక్కునే పెద్దవాళ్లు ఉంటారు.

బొమ్మలు వేయడమే వృత్తయిన మనిషికైతే ఇది ఇంకా సున్నితం. లండన్‌లో స్థిరపడ్డ అమెరికా చిత్రకారుడు విలియం యూటర్‌మోలెన్‌కు 1995లో అల్జీమర్స్ అని తేలింది. ఆయన ఆ తర్వాత కూడా 2000 దాకా తన ముఖం బొమ్మలు తానే గీసుకున్నాడు. ఏటేటా ముఖం చెదిరిపోవడం ఆ వరసలో కనబడుతుంది. చివరి రోజుల్లో ఆయన పడ్డ మథనం చూస్తే, అలాంటి మనిషి చేతికి ఎవరో గీసిన పువ్వుకు రంగు నింపమని పెన్సిలిస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. తాను ఒకప్పుడు ఎంత బాగా చేసేవాడో చెయ్యికి గుర్తుండి, ఇప్పుడు చేయలేకపోవడం కళ్లకు కనబడితే ఆ పని శాంతి ఇవ్వదు.

ఇక మన ఇళ్లకు వద్దాం. ఇంతకుముందు చెప్పిన లెక్క, ఆడవాళ్లలో, పల్లెల్లో ఎక్కువ అన్నది, ఇక్కడ అక్కరకొస్తుంది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 2013లో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలవుతోందని చెప్పింది. చదువురానివాళ్లలో కూడా ఆ తేడా కనబడిందన్నది అందులో ముఖ్యమైన మాట. అంటే మన మెమరీ క్లినిక్కులకు వచ్చేవాళ్లలో బడి మొహం చూడనివాళ్లు కూడా ఉన్నారు, పల్లెల్లోని పెద్దవయసు ఆడవాళ్లలో అలాంటివాళ్లు మరీ ఎక్కువ. డెబ్భై అయిదేళ్ల ఆవిడ చేతికి జీవితంలో మొదటిసారి రంగు పెన్సిలు ఇస్తే, అది ఆవిడకు కొత్త పరికరం. కొత్తది నేర్చుకునే శక్తినే జబ్బు పట్టుకుపోయింది. పాత అలవాటు నిలుస్తుందన్న సూత్రం ఇక్కడ ఎదురు తిరుగుతుంది.

అయితే ఆవిడ చేతికి ముగ్గు తెలుసు. అరవై ఏళ్లు రోజూ తెల్లవారుజామున చుక్కలు పెట్టి, కలిపిన చెయ్యి అది. ధనుర్మాసం నెలంతా వాకిలి నిండా వేసి, సంక్రాంతికి రంగులు నింపి, కనుమ నాడు రథం ముగ్గు తాడు పక్కింటి ముగ్గుకు కలిపిన చెయ్యి. తెలంగాణలో అయితే గునుగు పూలను కట్టలు కట్టి రంగులో ముంచి ఆరబెట్టి, తంగేడు పూలతో వరసలు పేర్చి బతుకమ్మను నిలబెట్టిన చెయ్యి. రంగు నింపడం, గీతల్లోపల ఉండడం, వరస తప్పకపోవడం ఆవిడకు ఎవరూ నేర్పక్కర్లేదు. అమెరికాలో అచ్చయిన చక్రం కన్నా అయిదు చుక్కల ముగ్గు ఆవిడకు దగ్గర. ముగ్గుతో డిమెన్షియా అలజడి తగ్గుతుందని నేను హామీ ఇవ్వడం లేదు. ఆ మాటంటే నేనూ పుస్తకం అట్ట మీద రాసేవాళ్లలో ఒకణ్ని అవుతాను. గిట్లిన్ బృందం చెప్పిన పద్ధతిని, అంటే పాత పనిని నేటి శక్తికి తగ్గించి ఇవ్వడాన్ని, మన ఇంట్లో అమలు చేయాలంటే మొదట తట్టేది ఇదేనంటున్నాను.

కింద కూర్చుని వేయమంటే మోకాళ్లు ఒప్పుకోవు, వంగితే పడిపోతారు. బల్ల మీద నల్ల పలకో నల్ల అట్టో పెట్టి, సుద్దముక్క ఇస్తే చాలు. తెలుపు మీద నలుపు కన్నా నలుపు మీద తెలుపు ముగ్గుకు సహజం, ఆ కంటికీ తేలిక. చుక్కలు మనం పెట్టి, గీతలు ఆవిడకు వదిలేయాలి. అదీ కష్టమైతే ముగ్గు మనం వేసి రంగులు మాత్రం ఆవిడకు. పొడి రంగులు నోట్లోకి, కళ్లలోకి వెళ్తాయి కాబట్టి లావు రంగు సుద్దలు మేలు. అదీ దాటిపోతే పళ్లెంలో బియ్యప్పిండి పోసి వేళ్లు తిప్పనిస్తే చాలు. మగవాళ్లకు ముగ్గులు పనికిరావు. చేనేత పనిచేసినవాళ్ల ముందు రంగురంగుల నూలు ఉండలు పెట్టి విడదీయమనవచ్చు. లెక్కల గుమాస్తాకు గళ్ల కాగితం, ఎర్ర పెన్సిలు, స్కేలు ఇస్తే గంటసేపు గీతలు కొట్టుకుంటూ కూర్చోవచ్చు. అది రంగులద్దడం కాదంటారా? కాకపోతే పోనివ్వండి.

ఏది ఇచ్చినా ఇచ్చే తీరులోనే సగం ఉంది. అలజడి ముదిరాక తెచ్చి ముందు పెడితే ఉపయోగం లేదు. రోజూ అలజడి మొదలయ్యే వేళకు ముప్పావుగంట ముందే, లైట్లు వేసి, టీవీ ఆపి, బల్ల దగ్గర కూర్చోవాలి. రంగులు మూడో నాలుగో చాలు. ఇరవై నాలుగు పెన్సిళ్ల డబ్బా తెరిచి పెడితే ఎంచుకోవడమే పరీక్ష అయిపోతుంది. "ఇది ఏ పువ్వో చెప్పు? దీనికి ఏ రంగు వేస్తారు?" అని అడగకూడదు, అవి ఆవిడ తప్పబోయే ప్రశ్నలు. "అత్తయ్యా, ఈ రెక్క నేను వేస్తున్నా, ఆ ఆకు మీరు అందుకోండి" అని మన పెన్సిలు కదిలిస్తే చాలు. ఆకుకు ఎరుపు వేస్తే ఎరుపే. ఒకే గడిలో అదే రంగు రుద్దీ రుద్దీ కాగితం చిరుగుతుంటే, అది శాంతి కాదు, జబ్బు చేయించే పునరావృతం. మెల్లగా కాగితం మార్చేయాలి. పది నిమిషాలకు లేచిపోతే లేవనివ్వాలి. బొమ్మ పూర్తి చేయించాలన్న పంతం మనకుంటే, కూర్చోబెట్టిన ఉద్దేశమే పోతుంది. పూర్తయిన బొమ్మలు ఫోటో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టే ముందు కూడా కాస్త ఆలోచించాలి. ఒకప్పుడు ఊరంతా గౌరవించిన మనిషి ఇవాళ వేసిన వంకర గీతలకు అరవైమంది చప్పట్ల గుర్తులు పెట్టడం ఆయన చూస్తే ఏమనుకుంటాడు?

ఇంకొక హెచ్చరిక. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ హఠాత్తుగా కేకలేస్తుంటే రంగుల డబ్బా తీయకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షను, మలబద్ధకం, పంటి నొప్పి, కొత్తగా మొదలెట్టిన మాత్ర, ఇవి ముందు చూడాలి. ఈ వయసులో ఒంట్లో నొప్పి చాలాసార్లు మతి తప్పిన మాటగానే బయటికొస్తుంది. దాన్ని పువ్వు బొమ్మతో జోకొట్టడం ప్రమాదం.

పరిశోధనలన్నీ కలిపి చూస్తే మిగిలేది పక్కన కూర్చునే మనిషి. మన ఊళ్లలో ఆ మనిషి ఎవరన్నదే ఎవరూ తేల్చని ప్రశ్న. కోడలో కూతురో ఉంటే ఉద్యోగానికీ వంటకీ మధ్య నలుగుతుంటుంది. పుస్తకం ఆర్డరు పెట్టిన కొడుకు వేరే ఖండంలో ఉంటాడు. రోజంతా నిజంగా పక్కన ఉండేది పన్నెండు గంటల డ్యూటీకి ఏజెన్సీ పంపిన ఆయా. స్నానం చేయించడం, డైపరు మార్చడం, మాత్రలు వేయడం తన పనులని ఆయాకు చెబుతారు. మిగతా సమయం ఆవిడ ఫోనులో, పెద్దావిడ కిటికీలో. రంగులద్దించడం ఆయా పని అని ఎవరూ ఆవిడతో అనలేదు, జీతంలో దానికి వాటా లేదు, ఎలా చేయించాలో చూపించిన వాళ్లూ లేరు. పుస్తకానికి పెట్టే డబ్బు కన్నా ముందు, ఏజెన్సీతో మాట్లాడేటప్పుడే సాయంత్రం అరగంట బల్ల దగ్గర కూర్చోవడం కూడా డ్యూటీలో భాగమని చెప్పి, దానికి జీతం కలిపి, మొదటి నాలుగు రోజులు ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు పక్కనుండి చూపించాలి. ఆ ఆయాలలో చాలామందికి ముగ్గులు బాగానే వచ్చు.